ఎడమ భుజం

జనవరి 8, సోమవారం

ఆహ్వానం వచ్చింది. అట్టంత మందం కార్డు. నా పేరు చేత్తో రాశారు, నల్ల సిరాతో, అక్షరాలకి తోకలు తీసి. కిందటి ఏడాది నా భార్య ఓడిల్ పోయినప్పుడు నేను వేయించిన కార్డు ఇందులో సగం బరువు లేదు.

ఇరవై నాలుగున, ఆమె పనిచేసిన బట్టల సంస్థ వాళ్ళ ఫ్యాషన్ షో. మొదటి వరస.

ఓడిల్ అన్నేళ్ళు అక్కడ పనిచేసినా నాకు ఇలాంటిది ఎప్పుడూ రాలేదు. తను కూడా ఒక్క షో అయినా ఎదురుగా కూర్చుని చూడలేదు. ఎందుకని అడిగితే, ఎదురుగా కూర్చుంటే ఏం కనపడుతుంది, బట్టలు తప్ప, అంది.

కార్డు రొట్టెల డబ్బా మీద పెట్టాను. వెళ్ళను.

జనవరి 9, మంగళవారం

పోలెత్ ఫోన్ చేసింది. ఆ సంస్థ కుట్టుగదికి పెద్ద ఆమె. నా భార్య ఒంటి మీద నాకంటే ఎక్కువసేపు చేతులు వేసిన మనిషి.

ఓడిల్ ఉద్యోగం నిలబడటం. ఎవరైనా అడిగితే నేను అలాగే చెప్పేవాణ్ణి, తను నవ్వేది. డిజైనర్ బొమ్మ గీస్తాడు. పోలెత్ ఆ గుడ్డ తెచ్చి ఓడిల్ మీద కప్పి, గుండుసూదులు గుచ్చి, కత్తిరిస్తుంది. తర్వాత అది పొడుగాటి అమ్మాయిలెవరో వేసుకుని నడుస్తారు, ఫోటోల్లో పడతారు. కానీ ఆ గౌను ముందు నిలబడింది ఓడిల్ మీద. ఇంట్లో కూడా వంటింట్లో నాతో మాట్లాడుతూ, చేతులు ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టి నిలబడేది. అలవాటు.

ఆమె లేని రోజుల కోసం కుట్టుగదిలో ఒక బొమ్మ ఉంది. తలా చేతులూ లేని గుడ్డ బొమ్మ. లోపల దూది కూరి, పైన దూది పొరలు అంటించి, అచ్చం ఆమె నడుమూ, వీపూ, భుజాలూ చేశారు. దానికి కూడా ఓడిల్ అనే పేరు.

మోస్యూ మోర్వాన్, ఒక మాట చెప్పాలి, ముందు మీరు కూర్చోండి, అంది పోలెత్. కూర్చునే ఉన్నా అన్నాను. షో అయిపోగానే ఓడిల్‌ని విప్పేస్తారండీ, అంది.

నాకు ఒక్క క్షణం తెలీలేదు ఎవరి గురించో.

అక్కడి పద్ధతట. మనిషి పోతే బొమ్మకి దూదంతా పీకేసి, లోపలి కర్ర దిమ్మెని ఇంకొకరి బొమ్మకి వాడతారు. ఇన్నాళ్ళు ఆపింది ఈ కలెక్షన్ దాని మీద కుట్టాలి కనక.

ఫోన్ పెట్టేశాక బీరువా తెరిచాను. బట్టలు హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. ఫోటోల్లో ఆమె బల్లపరుపు. ఆమె ఆకారం లోకంలో ఇంకెక్కడా లేదు.

ఆ బొమ్మ నాకు కావాలి.

జనవరి 10, బుధవారం

ఆ సంస్థలో ప్రచారం చూసే అతను థిబో. సబ్బు నురగ లాంటి గొంతు. బొమ్మ గురించి అడిగాను.

అయ్యో, దానికేం మోస్యూ, ఓడిల్ మన ఇంటి మనిషి కదా, అన్నాడు. సంస్థని వాళ్ళు ఇల్లు అంటారు. ఓడిల్ కూడా పొద్దున్నే మా గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, ఇంటికెళ్తున్నా, అనేది. మరి ఇదేమిటి అంటే, ఇది హోటల్, నువ్వు మేనేజర్‌వి, కాఫీ బాలేదు, అనేది.

బొమ్మ ఇచ్చేద్దాం, మీరు షోకి వచ్చి ముందు వరసలో కూర్చుంటే మాకు ఎంత గౌరవమో, రెండు ఫోటోలు, ఒక్క అరగంట, అన్నాడు థిబో.

రాకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. అతను చెప్పలేదు. ఇద్దరికీ అర్థమైంది.

జనవరి 12, శుక్రవారం

వస్తానని చెప్పాను.

జనవరి 17, బుధవారం

కోటు కొలతలకి పిలిచారు. నాకు నల్ల కోటు ఉంది. అంత్యక్రియలకి కొన్నది. థిబో దాని చెయ్యి పట్టుకుని చూసి, పాపం మంచిదే మోస్యూ, కానీ లైట్ల కింద ఆకుపచ్చగా కొడుతుంది, అన్నాడు. వాళ్ళ కోటే వేసుకోవాలట.

కుట్టుగది ఆరో అంతస్తులో. తెల్ల కోట్లలో ఆడవాళ్ళు. బల్ల చివర, జనవరి పండక్కి అందరూ పంచుకునే కేకు కోసి పెట్టారు. రాని వాళ్ళ కోసం ఒక ముక్క ఎక్కువ కోస్తాం కదా, ఆ ముక్క తీసుకెళ్ళి కిటికీ దగ్గర బొమ్మ పక్కన పెట్టారు. నేను చూశానని తెలిసి ఎవరో పళ్ళెం మీద కాగితం కప్పారు.

పోలెత్ నా చంక కింద టేపు పెట్టి, వెనక్కి తిరగకుండానే, ఓడిల్‌ని కాస్త ఇటు తిప్పవే, వెలుతురు అడ్డం, అంది. గదిలో కత్తెరలన్నీ ఆగిపోయాయి. ఒక అమ్మాయి వెళ్ళి నెమ్మదిగా తిప్పింది.

ఎడమ భుజం ఒక వేలు కిందికి ఉంది. అది కూడా చేశారు. చిన్నప్పుడు సాఁ-మాలో ఊళ్ళో సైకిల్ మీంచి సముద్రపు గోడ మీద పడి భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది ఓడిల్‌కి. సరిగ్గా అతకలేదు. అతికిన చోట చిన్న బుడిపె. బొమ్మకి బుడిపె లేదు. భుజం మాత్రం ఉంది.

ఏ సీజనైనా మొదటి రోజు గోల పెట్టేదండీ మీ ఆవిడ, అంది పోలెత్. నా వంకర నాదే, దాన్ని బట్టకి అంటించకండే, అని అరిచేది, పై అంతస్తు వాళ్ళకి వినపడేట్టు. ఆ నోరు లేక ఈ గది చచ్చిపోయింది మోస్యూ.

కుర్ర డిజైనర్ సిల్వేర్ డిసెంబర్‌లో అంతా చెత్తబుట్టలో పారేసి మళ్ళీ మొదలుపెట్టాడట. టైం లేదు. ఒంటి మీద చూడటానికి మనిషి లేదు. అన్నీ బొమ్మ మీదే కుట్టేస్తున్నారు. మోడళ్ళకి తొడిగి చూసేది ఆఖరి రెండు రోజుల్లోనే. పోలెత్ కళ్ళ కింద నల్లగా ఉంది. జూన్‌లో రిటైర్ అవుతుంది.

బొమ్మని ముట్టుకోలేదు. అంతమందిలో ఎలా.

జనవరి 21, ఆదివారం

ఓడిల్ పని సంచి ఇన్నాళ్ళకి తెరిచాను. టేపు, పెదాల క్రీము, మడతపెట్టిన మేజోళ్ళు, సగం తిన్న చాక్లెట్. అడుగున దూది కూరిన చిన్న గుడ్డ మెత్త. అర్ధచంద్రాకారం, ఒక వేలు మందం. నిండా సూది బెజ్జాలు. పైగుడ్డ కొత్తది, తనే మార్చింది, ఆమె కుట్టు నాకు తెలుసు, వంకరటింకర.

ఏమిటో తెలీదు. జేబులో వేసుకుంటే చెయ్యి పెట్టడానికి బాగుంది.

జనవరి 24, బుధవారం, ఉదయం

కారు పంపుతారట. మెట్రో ఉంది కదా అన్నాను. మొదటి వరస వాళ్ళు మెట్రోలో రారండీ, అన్నాడు థిబో, జబ్బు చేసినవాడికి చెప్పినట్టు.

జనవరి 24, సాయంత్రం

క్రమంగా రాస్తాను. లేకపోతే రాయలేను.

షో పాత సైనికుల గుర్రపుశాలలో. నేల మీద ఇసుక పోసి తెల్ల తివాచీ పరిచారు. కోటు పూర్తి కాలేదు. వీపు వదులైంది. ఒకమ్మాయి నోట్లోంచి గుండుసూదులు తీసి వెనక గుచ్చుతూ పోయింది. ముందు నుంచి చూస్తే అద్భుతం మోస్యూ, వెనక్కి మాత్రం ఆనకండి, చేతులు పైకెత్తకండి, అంది. ఎంతసేపు అన్నాను. ఇంటికెళ్ళేదాకా అంది.

సన్నటి బెంచీ. మోకాలికి మోకాలు. నా చేతులు ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చున్నానని కాసేపటికి గానీ గమనించలేదు.

కుడిపక్క జెనీవా నుంచి వచ్చిన పెద్దావిడ. వేళ్ళ నిండా రాళ్ళు. మీరు కొనే రకమా, రాసే రకమా, అని అడిగింది. నేను భర్తని అన్నాను. ఎవరికి, అంది. ఇక్కడ పనిచేసిన ఆవిడకి అన్నాను. అయితే ఎదురుచూడటం అలవాటే అన్నమాట, నయం, వీళ్ళు ఎప్పుడూ టైంకి మొదలుపెట్టరు, అంది. ఎడమపక్క అమ్మాయి ఫోన్‌లో తన మొహం తాను తీసుకుంటోంది. ఒక మూల నా చెవి పడుతోందని రెండుసార్లు జరగమంది. జరగడానికి చోటు లేదు.

థిబో వచ్చి ఫోటోలు తీయించాడు. కాస్త ఆమెని తలుచుకోండి మోస్యూ, అన్నాడు.

లైట్లు ఆరాయి. బయటికి దారి ఆ తివాచీ అవతల ఉంది. అది దాటితే తప్ప ఎవరూ కదలలేరు.

మొదటి అమ్మాయి వచ్చింది. బూడిద రంగు కోటు. కుంటుతోందేమో అనుకున్నాను. రెండో అమ్మాయి. మూడో అమ్మాయి. కుంటటం లేదు. ఎడమ భుజం. అందరికీ ఎడమ భుజం ఒక వేలు కిందికి. కాలర్ అటు జారింది, గుండీల వరస అటు ఒరిగింది, ఒక చెయ్యి ఇంకోదానికంటే పొడుగు. అమ్మాయిలకి పద్దెనిమిదో పందొమ్మిదో, ఒక్కరికీ ఆమె పోలిక లేదు. మెడ కిందికి చూస్తే ఓడిల్.

కాఫీ కప్పుతో వచ్చే ఓడిల్. తలుపు తాళం వేసి తిరిగే ఓడిల్. ఒకరి వెనక ఒకరు నా వైపు వచ్చి, నా మోకాళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చారు.

జేబులో చెయ్యి పెట్టాను. వీపులో సూదులు దిగాయి. మెత్త వేళ్ళకి తగిలింది. ఒక వేలు మందం.

అప్పుడు తెలిసింది. సీజన్ మొదటి రోజు తన వంకర బట్టకి అంటకుండా, ఓడిల్ తన చేత్తో ఆ బొమ్మ ఎడమ భుజం మీద పెట్టి గుచ్చేది ఇదే. ఈసారి పెట్టేవాళ్ళు లేరు. ఇది నా ఇంట్లో, సంచి అడుగున ఉంది.

జెనీవా ఆవిడ నా వైపు వంగి, ఏమిటయ్యా ఇది, అందరూ ఒక పక్కకి ఒరిగారు, పిల్లలకి తిండి పెట్టట్లేదా, అంది. ఫోన్ అమ్మాయి నా మీదుగా, మదామ్, ఇది జీనియస్, అంది. ఆ, నేనూ అదే అంటున్నా, అంది పెద్దావిడ.

లేవబోయాను. పెద్దావిడ చెయ్యి పట్టుకుని లాగింది. కూర్చోండి, పెళ్ళికూతురు రాకుండా ఎవరూ లేవరు, అంది. ఆఖరున పెళ్ళి గౌను వస్తుంది, ప్రతి షోకీ అంతే. వచ్చింది. తెల్లటి భుజం, జారి. మా పెళ్ళికి ఓడిల్ ఆకుపచ్చ కోటు వేసుకుంది. తెల్లవి పనిలో వేసుకునేవే చాలు అంది.

హాలంతా లేచి చప్పట్లు. నేను చేతులు ఎత్తలేకపోయాను. సూదులు.

జనవరి 25, గురువారం

ఒరిగిన భుజం. మూడు పేపర్లలో అదే మాట. ఒకదాంట్లో నా ఫోటో. దుఃఖంలో మునిగి చప్పట్లు కూడా కొట్టలేకపోయిన భర్త, అని రాశారు.

జనవరి 27, శనివారం

పోలెత్‌ని మా వీధి కేఫ్‌కి రమ్మన్నాను. మెత్త బల్ల మీద పెట్టాను. చూడగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

జూలైలో గుడ్డ మాసిందని ఇంటికి పట్టుకెళ్ళిందండీ, అంది. తర్వాత ఓడిల్ రానేలేదు. డిసెంబర్ తొక్కిసలాటలో పోలెత్‌కి గుర్తు లేదు. ఎన్నడూ తను గుర్తుంచుకోవలసిన పని కాదది. మోడళ్ళకి తొడిగిన రోజు చూసింది. అన్నీ ఒరిగి ఉన్నాయి. నిజం చెబుదామని నోరు తెరిచేలోపు సిల్వేర్ వచ్చి, అమ్మాయిల చుట్టూ తిరిగి, ఇదే, ఇదే, నేను వెతుకుతున్నది ఇదే, అని పోలెత్ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు.

అప్పుడు మూసిన నోరండీ, ఇంకా తెరవలేదు, అంది.

సిల్వేర్ ఇప్పుడు అందరికీ చెబుతున్నాడట, ఈ భుజం కోసం రెండేళ్ళు కష్టపడ్డానని. అది పొరపాటని తెలిస్తే లోకం నవ్వుతుంది. నవ్వినందుకు ముందు పోయేది కుట్టుగది.

మీకు చెప్పాలనుంటే చెప్పండి మోస్యూ, నాకేం, జూన్‌లో వెళ్ళిపోయేదాన్ని, అంది పోలెత్. అంటూ కాఫీలో చక్కెర వేసింది. కలిపింది. మళ్ళీ వేసింది. ఆవిడ చక్కెర వేసుకోదని ఓడిల్ చెప్పేది.

ఫిబ్రవరి 2, శుక్రవారం

థిబోకి ఫోన్ చేశాను. షోకి వచ్చాను, ఇక బొమ్మ ఇవ్వండి అన్నాను.

మోస్యూ, మీకో శుభవార్త, అన్నాడు. ఓడిల్‌ని విప్పట్లేదు. ఎప్పటికీ విప్పరు. అద్దాల పెట్టె చేయిస్తున్నాం, కింద పెద్ద హాల్లో, లైటు పెట్టి. ఆ భుజం పుట్టింది ఆ బొమ్మ మీద కదా. ఇంక ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. ఇంట్లోనే ఉంటుంది.

ఇస్తానన్నారు కదా అన్నాను.

ఇంట్లోనే ఉంటుంది మోస్యూ, అన్నాడు మళ్ళీ, నాకు వినపడలేదనుకుని.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఏమీ లేదు.

మార్చి 12, మంగళవారం

ఇంకో కార్డు. అద్దాల పెట్టె తెరుస్తారు. నేను రెండు మాటలు మాట్లాడాలట.

మెత్త బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇది చూపించి జరిగింది చెబితే, ఆ బొమ్మ వాళ్ళకి పరువు తక్కువ. మర్నాడే నా గుమ్మంలో పడేస్తారు. ఓడిల్ కోరినట్టు ఆమె వంకర ఆమెకే ఉంటుంది. పోలెత్‌నీ, ఆ గదిలో వాళ్ళందరినీ వీధిలో నిలబెడతాను.

చెప్పకపోతే బొమ్మ అద్దంలో. భుజం అందరిదీ.

ఓడిల్ అయితే ఏం చేసేదో తెలుసు. అరిచేది. ఆ నోరు నాకు లేదు.

మార్చి 21, గురువారం

నా కోటే వేసుకున్నాను. ఆకుపచ్చగా కొడితే కొట్టనీ అని.

గుడ్డ లాగారు. అందరూ ఆహా అన్నారు. అద్దంలో ఓడిల్, కింది నుంచి లైటు. కింద ఇత్తడి పలక: సిల్వేర్ భుజం. ఆమె పేరు లేదు. సిల్వేర్ రెండేళ్ళ అన్వేషణ గురించి మాట్లాడాడు. చెడ్డ కుర్రాడేం కాదు. నమ్మే చెబుతున్నాడు.

థిబో మైకు నా చేతిలో పెట్టాడు. ఇంకో చేతిలో మెత్త ఉంది, జేబులో. గోడ పొడుగునా కుట్టుగది వాళ్ళు తెల్ల కోట్లలో నిలబడ్డారు. పోలెత్ చివర్న. చెవులకి ముత్యాలు పెట్టుకొచ్చింది. ఒక్కరూ నన్ను చూడటం లేదు. అందరూ నేల చూస్తున్నారు. వాళ్ళకి తెలుసు. అందరికీ తెలుసు.

మెత్త జేబు అంచు దాకా తీశాను. ఒక అమ్మాయి పక్కామె చెయ్యి పట్టుకుంది. జనవరిలో ఓడిల్‌ని తిప్పిన అమ్మాయి.

రోజూ పొద్దున్నే ఇంటికెళ్తున్నా అనేది మా ఆవిడ, అన్నాను.

అంతే అన్నాను. ఎంతసేపు చప్పట్లో. థిబో కళ్ళు తుడుచుకున్నాడు.

జనం తగ్గాక పెట్టె దగ్గరికి వెళ్ళాను. అద్దం మీద చెయ్యి పెడితే గార్డు వచ్చి, మరకలు పడతాయి సార్, అన్నాడు, మర్యాదగానే.

నా వంకర నాదే అంది. ఇక కాదు. నేనే ఇచ్చేశాను.

ఏప్రిల్ 25, గురువారం

పదకొండో తరగతికి నదులు చెబుతున్నాను. ముందు బెంచీలో ఇద్దరమ్మాయిలు చొక్కాలు ఎడమవైపు లాగి, భుజం కింద ఎక్కడో పిన్నులు పెట్టుకున్నారు. మ్యాప్ వైపు తిరిగినా చూపు వాళ్ళ మీదే. లువార్ నది దగ్గర ఆగిపోయాను. తర్వాత ఏమిటో రాలేదు.

సార్, మా వంక అలా చూస్తారేంటి, ఇది ఫ్యాషన్, మీకు తెలీదులెండి, అంది ఒకమ్మాయి. క్లాసు నవ్వింది. తెలీదు అన్నాను.

మే 11, శనివారం

సూపర్‌మార్కెట్ పక్క బట్టల కొట్టు. అద్దంలో ప్లాస్టిక్ బొమ్మలు నాలుగు. నాలుగింటికీ అదే భుజం. కొట్టువాడు లోపలికి రండి అన్నాడు. ఆడవాళ్ళకండీ, మీ ఆవిడ సైజు చెప్పండి చాలు, అన్నాడు.

చెప్పాను. నడుము, వీపు, అన్నీ. ఆయన రాసుకున్నాడు. రాసుకుంటుండగా బయటికి వచ్చేశాను.

మే 19, ఆదివారం

పోలెత్ ఫోన్. రిటైర్‌మెంట్ విందుకి రావాలట. ఆ భుజం ఉన్న జాకెట్ బహుమతి ఇస్తున్నారట ఆవిడకి. వేసుకోవాలండీ, ఫోటో తీస్తారు, అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు ఆవిడకి.

మే 30, గురువారం

ఇవాళ మెట్రోలో ఆ భుజంతో ముగ్గురు. ఆకుపచ్చ కోటు ఆమె వెనకే దిగాను. అది నా స్టేషన్ కాదు.